ఇంటికి రంగులు వేశాక మిగిలిన పెయింట్‌ను ఏం చేయాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల గృహస్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన రెండు జిల్లాల్లో సంక్రాంతికి ముందో, ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడో గోడలకు రంగులు వేయించడం ఆనవాయితీ. పని పూర్తయ్యాక అడుగున కొంత మిగిలిన బకెట్లు, మూత సరిగా పడని ఎనామెల్ డబ్బాలు, సగం వాడిన థిన్నర్ సీసా మెట్ల కిందికో అటక మీదికో చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. ఏదో ఒక రోజు ఇల్లు సర్దుతూ వాటన్నిటినీ ఒకేసారి చెత్త బండిలో వేసేస్తాం. అలా వేయకుండా ఏం చేయవచ్చో, నియమాలు ఏం చెబుతున్నాయో ఈ పేజీలో వివరించాం.

మిగిలిన పెయింట్‌ను ఇంటి చెత్తతో కలిపి ఇవ్వవచ్చా?

తడిగా ఉన్న పెయింట్‌ను, అది ఏ రకమైనా సరే, మామూలు చెత్తలో వేయకూడదు. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడి పారేసిన పెయింట్ డబ్బాలను పురుగుమందు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు, కాలం చెల్లిన మందులు, పాదరసం థర్మామీటర్లతో పాటు గృహ ప్రమాదకర వ్యర్థాలుగా పేర్కొన్నాయి. వాటిని తడి చెత్తతోనూ పొడి చెత్తతోనూ కలపకుండా విడిగా ఉంచి అప్పగించే బాధ్యతను ఇంటి యజమానిపైనే పెట్టాయి. ఆ నియమాల స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాలు చెత్తను తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త అని నాలుగుగా విభజించాయి. పెయింట్ డబ్బాలు ఇందులో నాలుగో రకం కిందికి వస్తాయి.

నియమం సంగతి అలా ఉంచినా, చెత్త బండిలో పెయింట్ డబ్బా నలిగినప్పుడు మూత ఊడి ఆ రంగు చిమ్మేది పారిశుద్ధ్య కార్మికుల ముఖాల మీదా చేతుల మీదా. డంపింగ్ యార్డుకు చేరాక ఎనామెల్, థిన్నర్ వంటివి మంటలకు ఆజ్యం పోస్తాయి. మనం వేసే డబ్బా ఒక్కటే కావచ్చు, కానీ పండుగ ముందు నెలలో ఊరంతా అదే పని చేస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

అన్ని పెయింట్లూ ఒకే రకంగా ప్రమాదకరమా?

కావు. ఈ పేజీలోని మిగతా సమాధానాలన్నీ ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి. గోడలకు వేసే ఎమల్షన్, డిస్టెంపర్, గోడల ప్రైమర్లలో చాలావరకు నీటితో పలుచన చేసేవి. తలుపులకు, కిటికీ ఊచలకు, గేట్లకు వేసే ఎనామెల్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అల్యూమినియం పెయింట్, చెక్కకు వేసే పాలిష్, వార్నిష్ సాధారణంగా నూనె లేదా ద్రావకం ఆధారంగా తయారైనవి. మొదటి రకం తేలికగా అంటుకోదు, దాన్ని ఇంట్లోనే ఎండబెట్టి గట్టిపరచవచ్చు. రెండో రకం ఆవిరి మండే గుణం కలది, దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే అప్పగించాలి.

డబ్బా మీద కాగితం ఊడిపోయింది. ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

ఒక పుల్లతో కొంచెం పెయింట్ తీసి గ్లాసెడు నీళ్లలో కలిపి చూడండి. నీటిలో కలిసి పాలలా తెల్లగానో రంగుగానో అంతటా పరుచుకుంటే అది నీటి ఆధారిత పెయింట్. ముద్దగా తేలినా, జిడ్డులా పైకి చేరినా నూనె ఆధారితమని భావించాలి. పరీక్షించిన నీటిని కూడా కాలువలో పోయకుండా పాత కాగితాల్లో పీల్చుకోనిచ్చి ఆరబెట్టాలి. అనుమానం తీరకపోతే నూనె పెయింట్‌గానే పరిగణించడం మంచిది. వాసన చూసి తేల్చుకోవాలని మూతి దగ్గరగా పెట్టి పీల్చకూడదు.

రెండేళ్ల కిందటి పెయింట్ ఇంకా పనికి వస్తుందా?

మూత గట్టిగా ఉండి, ఎండ తగలని చోట ఉంచినదైతే చాలాసార్లు పనికి వస్తుంది. ఎమల్షన్‌ను కర్రతో అడుగు నుంచి కలిపినప్పుడు నునుపుగా కలిసిపోతే వాడవచ్చు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, పైన నల్లని బూజు పట్టినా, ఎంత కలిపినా విరిగిన పెరుగులా గడ్డలుగానే మిగిలినా అది పాడైపోయినట్లే. ఎనామెల్ మీద మీగడలాంటి పొర కట్టడం మాత్రం పాడవడం కాదు. ఆ పొరను చాకుతో చుట్టూ కోసి తీసేసి, కింది పెయింట్‌ను పలుచని గుడ్డలో వడకట్టి వాడుకోవచ్చు.

మిగిలినదాన్ని వృథా చేయకుండా ఎక్కడ వాడవచ్చు?

పెయింట్‌కు అన్నిటికంటే మంచి గతి గోడ మీదికి ఎక్కడమే. అప్పగింత కేంద్రాల గురించి తెలుసుకునే ముందు ఈ అవకాశాన్ని పూర్తిగా చూడాలని మా గట్టి అభిప్రాయం.

వేర్వేరు రంగుల ఎమల్షన్లు కొద్దికొద్దిగా మిగిలితే, అన్నీ నీటి ఆధారితమైనవే అయితే ఒకే బకెట్టులో కలిపి వడకట్టవచ్చు. బూడిద రంగో మట్టి రంగో వస్తుంది. దాన్ని స్టోర్ రూములో, ప్రహరీ లోపలి వైపున, పశువుల కొట్టంలో గోడకు మొదటి కోటుగా వాడుకోవచ్చు. ఎమల్షన్‌లో ఎనామెల్‌ను మాత్రం ఎన్నడూ కలపకూడదు. రెండూ విడిపోయి రెండూ పాడవుతాయి, ఆపైన ఆ మొత్తాన్నీ ప్రమాదకర వ్యర్థంగా అప్పగించవలసి వస్తుంది.

లోపలి గోడల కోసం తయారైన ఎమల్షన్‌ను బయటి గోడకు వేస్తే మన ప్రాంతంలో ఎక్కువ కాలం నిలవదు. మనకు వర్షాలలో అధిక భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో కలిసి కురుస్తుంది. ఆ ఒక్క కాలంలోనే రంగు పొరలుగా లేచిపోతుంది. బయటి గోడల పెయింట్‌లో బూజు పట్టకుండా రసాయనాలు ఎక్కువ మోతాదులో కలుపుతారు కనుక దాన్ని పడక గదుల్లో వేయడమూ సరికాదు.

బడికో అంగన్‌వాడీ కేంద్రానికో ఇవ్వవచ్చా?

మూత తీయనిది, లేదా ఇటీవలే తీసినది, తయారీ తేదీ, రకం స్పష్టంగా కనిపించే నీటి ఆధారిత పెయింట్‌ను ముందుగా అడిగి, వారు అంగీకరిస్తే ఇవ్వవచ్చు. పాత ఎనామెల్ డబ్బాలను పిల్లలు తిరిగే చోటుకు ఇవ్వకూడదు, దానికి కారణం సీసం గురించిన ప్రశ్నలో ఉంది. పనికిరాని దాన్ని దానం పేరుతో వదిలించుకుంటే ఆ భారం బడి మీద పడుతుంది.

రంగుల మేస్త్రీకి ఇవ్వడం ఇంకా సులువు. ఆయనకు చిన్న చిన్న మరమ్మతు పనుల్లో అర లీటరు, లీటరు పెయింట్ ఎప్పుడూ అవసరమవుతుంది. మూత తీయని, మెషీన్ మీద రంగు కలపని డబ్బా అయితే కొన్న దుకాణంలోనే బిల్లుతో అడగండి, కొందరు వెనక్కి తీసుకుంటారు. రంగు కలిపిన డబ్బాను తీసుకోరు.

పాడైన ఎమల్షన్‌ను ఎండబెట్టడం ఎలా?

డబ్బా అడుగున ఒక అంగుళం లోపే ఉంటే మూత తీసి, పిల్లలకూ పశువులకూ అందని డాబా మీద వాన తగలని చోట ఉంచితే మన ఎండలకు కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. అంతకంటే ఎక్కువ ఉంటే పైన పొర కట్టి లోపల తడి అలాగే ఉండిపోతుంది. అప్పుడు పీల్చుకునే పదార్థం కలపాలి. ఇసుక, రంపపు పొట్టు, చింపిన పాత పేపర్లు, గడువు తీరిన లప్పం పొడి, ఏది అందుబాటులో ఉంటే అది వాడవచ్చు. రైసు మిల్లులు ఇన్ని ఉన్న నెల్లూరు వైపు ఊకకు కొదవ లేదు, అది కూడా పనికి వస్తుంది. పెయింట్‌లో ఊకను కొద్దికొద్దిగా వేస్తూ ముద్దగా అయ్యేదాకా కలిపి, పాత పట్టా మీద పలుచగా పరిచి ఆరనివ్వాలి. చేతికి తొడుగు ఉండాలి.

వేలితో నొక్కితే తడి అంటనప్పుడు, డబ్బాను వంచితే ఏమీ కారనప్పుడు ఎండినట్లు లెక్క. ఆ గడ్డలను సంచిలో కట్టి, లోపల ఎండిన పెయింట్ ఉందని చెత్త సేకరించే వారికి చెప్పి, వారు ఏ బుట్టలో వేయమంటే అందులో వేయండి. మూత విడిగా ఇస్తే లోపల తడి లేదని వారికి చూడగానే తెలుస్తుంది. ఎండిన గడ్డలను ఎరువు గుంటలో వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు.

ఎనామెల్‌ను కూడా ఇలాగే ఎండబెట్టవచ్చా?

వద్దు. ఎనామెల్, వార్నిష్ ఆరేటప్పుడు వెలువడే ఆవిరి తల తిప్పుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. వీటిలోని నూనెలు గాలిలోని ఆమ్లజనితో కలిసి వేడి పుట్టిస్తాయి. రంపపు పొట్టులో గానీ గుడ్డల కుప్పలో గానీ ఆ వేడి బయటికి పోయే దారి లేక క్రమంగా పెరిగి, అగ్గిపుల్ల అవసరం లేకుండానే కుప్ప రాజుకోవచ్చు. మిగిలిన ఎనామెల్‌ను దాని సొంత డబ్బాలోనే ఉంచి, మూత బిగించి, డబ్బా మీద పేరు రాసి అప్పగించాలి. పెరుగు డబ్బాలోకో నీళ్ల సీసాలోకో మార్చడం ప్రాణాల మీదికి తెచ్చే పని.

ఎక్కడ అప్పగించాలి?

2016 నియమాల ప్రకారం పట్టణ స్థానిక సంస్థలు గృహ ప్రమాదకర వ్యర్థాల కోసం ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు, లేదా అందులో భాగానికి, ఒక స్వీకరణ కేంద్రం చొప్పున ఏర్పాటు చేసి, అక్కడ తీసుకునే వేళలను ప్రజలకు ప్రకటించవలసి ఉండేది. కొత్త నియమాలలోనూ ఈ రకం చెత్తను అధీకృత సంస్థలు సేకరించాలని, లేదా నిర్దేశించిన కేంద్రాలలో అప్పగించాలని ఉంది. కనుక నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థల పరిధిలో గానీ కావలి వంటి పురపాలక పట్టణాల్లో గానీ ఉండేవారు మొదట తమ వార్డు సచివాలయంలోని శానిటేషన్ కార్యదర్శిని కలిసి, తమ వార్డుకు ఏ కేంద్రం కేటాయించారో, ఏ రోజు తీసుకుంటారో అడగాలి. ఈ ప్రశ్న అడగడం మీ హక్కు.

2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో పట్టణాల్లో ఇంటింటికీ ఇచ్చిన మూడు బుట్టల్లో ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు, ఎరుపు ప్రమాదకర చెత్తకు ఉద్దేశించినవి. ఆ ఎర్ర బుట్ట ఇంట్లో ఉల్లిపాయలకు వాడుతున్నవారు దాన్ని ఖాళీ చేసి అసలు పనికి పెట్టవలసిందిగా మనవి. మిగిలిన ఎనామెల్ డబ్బా అందులో నిటారుగా ఉంచి, చెత్త బండి వచ్చినప్పుడు అందులో ఏముందో నోటితో చెప్పి కార్మికుల చేతికివ్వాలి. బండిలో విసిరి వెళ్లకూడదు.

గ్రామాల్లో అయితే పంచాయతీ కార్యదర్శిని, చెత్త నుంచి సంపద కేంద్రంలో పనిచేసే గ్రీన్ అంబాసిడర్లను అడగండి. ఆ షెడ్లు ప్రధానంగా ఎరువు తయారీకి ఉద్దేశించినవి కనుక తడి పెయింట్‌ను చెప్పకుండా అక్కడ వదిలేస్తే ఎరువు మొత్తం పాడవుతుంది. పల్లెల నుంచి పట్నం వెళ్లే పని ఉన్నవారు డబ్బాలను కారు డిక్కీలో నిటారుగా, కింద పాత పేపర్లు పరిచి తీసుకువెళ్లాలి. మండే ద్రవాలను ఆర్టీసీ బస్సులో, రైలులో తీసుకువెళ్లడం నిషిద్ధం.

అక్కడ ఇచ్చాక అవి ఏమవుతాయి?

స్థానిక సంస్థలు వాటిని భద్రంగా నిల్వచేసి, ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి గానీ కాలుష్య నియంత్రణ మండలి సూచించిన చోటుకు గానీ పంపాలి. మన రాష్ట్రంలో అటువంటి కేంద్రం అనకాపల్లి జిల్లా పరవాడలో ఉంది. నెల్లూరు నుంచి అది ఎంత దూరమో ఆలోచిస్తే, వాడుకోగలిగిన లీటరు పెయింట్‌ను ఇక్కడే గోడకు వేయడం ఎందుకు మేలో అర్థమవుతుంది.

కొంచెమే కదా, కాలువలో పోస్తే ఏమవుతుంది?

వీధి కాలువలు చివరికి ఎక్కడికి చేరుతాయో మన జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. నెల్లూరు చెరువు, పెన్నా, బకింగ్‌హామ్ కాలువ, ఒంగోలు వైపు కొత్తపట్నం తీరం, ఇవన్నీ మన నీళ్ల దారిలోనే ఉన్నాయి. ఎమల్షన్ నీటి ఆధారితమే అయినా అందులో బూజు పట్టకుండా కలిపే రసాయనాలు కొద్ది మోతాదులోనే నీటి జీవులకు విషం. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు మండలాల్లో రొయ్యల చెరువుల మీద బతికే కుటుంబాలు కాలువ నీటి నాణ్యతకు ఎంత భయపడతాయో ఒకసారి ఆలోచించండి. మరుగుదొడ్డిలో పోస్తే సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చి, ట్యాంకు పని చేయడం మానేస్తుంది.

బ్రష్షులు కడిగిన నీళ్లో?

కడిగే ముందు బ్రష్షును, రోలరును పాత పేపరు మీద బాగా తుడవాలి. అప్పుడు సగం రంగు కాగితానికే పోతుంది. ఎమల్షన్ బ్రష్షును బకెట్టు నీళ్లలో కడిగి, పని మర్నాడు కూడా ఉంటే ఆ నీటినే అదే పెయింట్ పలుచన చేయడానికి వాడమని మేస్త్రీకి చెప్పండి. పని పూర్తయితే నీటిని ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైన తేరుకున్న నీటిని బావికీ బోరుకూ దూరంగా ఖాళీ నేల మీద పోసి, అడుగు మడ్డిని ఎండబెట్టాలి.

థిన్నర్, టర్పెంటైన్ మిగిలితే?

వాడిన టర్పెంటైన్‌ను పారేయనవసరం లేదు. గాజు సీసాలో పోసి మూత పెట్టి కొన్నాళ్లు కదపకుండా ఉంచితే రంగు అడుగుకు చేరి పైన తేటపడుతుంది. తేటను వంపి మళ్లీ వాడుకోవచ్చు. అడుగు మడ్డి ఎర్ర బుట్టకు.

నిల్వ విషయంలో మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. టర్పెంటైన్ ఆవిరి సుమారు 40 డిగ్రీల వేడిలో నిప్పు రవ్వ తగిలితే అంటుకునే స్థితికి వస్తుంది, చెక్క పాలిష్‌లో వాడే ఎన్‌సీ థిన్నర్‌కు అంత వేడి కూడా అక్కరలేదు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు లోపల ఎంత వేడి ఉంటుందో మనకు తెలుసు. గ్యాస్ సిలిండరు, ఇన్వర్టరు బ్యాటరీ, పూజ గది దరిదాపుల్లో వీటిని ఉంచకూడదు. నూనె పెయింట్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకుండా, తీగ మీద ఒక్కో గుడ్డను విడిగా ఆరేసి, ఎండి బిరుసెక్కాక అప్పగించాలి.

స్ప్రే డబ్బాలు?

ఖాళీ అయినా లోపల ఒత్తిడి ఉంటుంది. మేకుతో పొడవకూడదు, ఎండలో ఉంచకూడదు, ఎర్ర బుట్టలోనే వేయాలి.

ఖాళీ బకెట్లను ఇంట్లో వాడుకోవచ్చా?

ఇరవై లీటర్ల పెయింట్ బకెట్టు లేని ఇల్లు మన వైపు అరుదు. ఎమల్షన్ బకెట్టును బాగా కడిగి నేల తుడవడానికి, సిమెంటు పనికి, పూల మొక్కలు పెంచడానికి నిశ్చింతగా వాడుకోవచ్చు. తాగే నీళ్లు, బియ్యం, పచ్చడి, దోసె పిండి, పశువులకు పెట్టే కుడితి, వీటిలో దేనికీ వాడకూడదు. అది ఆహారం నిల్వకు తయారు చేసిన ప్లాస్టిక్ కాదు, గీతల్లో ఇరుక్కున్న రంగు ఎన్నిసార్లు తోమినా పూర్తిగా పోదు. ఎనామెల్, థిన్నర్ డబ్బాలను ఇంట్లో దేనికీ తిరిగి వాడకూడదు.

లోపల పూర్తిగా ఎండిన ఎమల్షన్ రేకు డబ్బాలను పాత ఇనుప సామాన్ల కొట్టుకు ఇవ్వవచ్చు. అంటిన రంగును వదిలించడానికి డబ్బాలను కాల్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ పొగ పీల్చే పిల్లల సంగతి ఆలోచించి, కాల్చవద్దని కొట్టువారికి మీరే చెప్పండి. చెత్తను బహిరంగంగా కాల్చేవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు పరిహారం విధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది.

పాత ఇంటి తలుపుల రంగు గీకిస్తున్నాం. ఆ పొడిలో సీసం ఉంటుందా?

ఉండే అవకాశం ఉంది. ఇంటి పెయింట్లలో సీసం మిలియన్ భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నియమం 2016 నవంబరులో వెలువడి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామెల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, నారింజ వంటి ముదురు రంగుల్లో, సీసం ఎక్కువగా ఉండవచ్చు. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, దానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అందుకని పాత రంగును పొడిగా ఉప్పు కాగితంతో రుద్దించకండి. తడిపి గీకించాలి, కింద పట్టా పరచాలి, పని జరిగే గదిలోకి పిల్లలనూ గర్భిణులనూ రానివ్వకూడదు. బ్లో ల్యాంపుతో కాల్చి రంగు లేపడం అన్నిటికంటే ప్రమాదం. రాలిన పొరలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తి, సంచిలో కట్టి ఎర్ర బుట్టలో వేయాలి. ఆ పట్టాను వాకిట్లో దులపడం, నీళ్లతో కడిగి మురుగు కాలువలోకి వదలడం రెండూ తప్పే.

అమెరికాలో మా పిల్లలు పెయింట్‌ను దుకాణంలోనే తిరిగి ఇచ్చేస్తున్నారు. అది ఎలా సాధ్యం?

ఒరెగాన్ రాష్ట్రం 2009లో చట్టం చేసి, 2010 నుంచి పెయింట్ తయారీదారులే మిగిలిన పెయింట్ సేకరణ బాధ్యత వహించేలా చేసింది. తరువాత కాలిఫోర్నియాతో సహా మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అక్కడ డబ్బా కొనేటప్పుడే చిన్న రుసుము తీసుకుంటారు, ఆ సొమ్ముతో పెయింట్‌కేర్ అనే సంస్థ దుకాణాల్లోనూ గృహ ప్రమాదకర వ్యర్థాల కేంద్రాల్లోనూ సేకరణ నడుపుతుంది. పేరు చదవగలిగే అసలు డబ్బాలో, కారకుండా, అయిదు గ్యాలన్లకు మించకుండా ఉన్నదాన్నే తీసుకుంటారు. థిన్నరు, స్ప్రే డబ్బాలు ఈ పథకంలోకి రావు. తీసుకున్న నీటి ఆధారిత పెయింట్‌లో మంచిదాన్ని రంగుల వారీగా కలిపి మళ్లీ పెయింట్‌గా తయారు చేస్తారు, నూనె పెయింట్‌ను ఎక్కువగా ఇంధనంగా వాడతారు. మన దగ్గర కూడా తయారీ సంస్థలపై ఇటువంటి బాధ్యత పెట్టాలని అడగడంలో తప్పులేదు.

అపార్ట్‌మెంటు మొత్తానికి రంగులు వేయిస్తున్నాం. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

మిగిలినదీ ఖాళీ డబ్బాలూ ఎవరు తీసుకువెళ్లాలో, ఎక్కడ అప్పగించాలో పని ఒప్పుకునేటప్పుడే కాంట్రాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. కొలతల్లో కూడా జాగ్రత్త పడాలి. అంచనా వేసిన మొత్తం ఒకేసారి కొనకుండా, ముందు కొంత తెప్పించి, ఒక గోడకు రెండు కోట్లు వేయించి, ఎంత పట్టిందో చూసి మిగతాది కొంటే మిగులు బాగా తగ్గుతుంది. రంగు కోడు ఉన్న చీటీని ఫోటో తీసి ఉంచుకుంటే, తరువాత మరకలు దిద్దడానికి కావాలంటూ బకెట్లు దాచుకునే అవసరం రాదు.

పిల్లవాడు పెయింట్ గానీ థిన్నర్ గానీ మింగితే?

వాంతి చేయించకూడదు. థిన్నర్, టర్పెంటైన్ వంటివి వాంతిలో ఊపిరితిత్తుల్లోకి జారితే ఇంకా ప్రమాదం. నోరు తుడిచి, డబ్బా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే ధారగా మంచినీళ్లతో పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా కడిగి వైద్యుడికి చూపించాలి.

సచివాలయంలో అడిగితే అటువంటి కేంద్రం లేదన్నారు. ఏం చేయాలి?

డబ్బా మూత బిగించి, నీడపట్టున, పిల్లలకు అందని చోట పెట్టి, నగరపాలక కమిషనరుకు లేదా పంచాయతీకి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. మీ వార్డులో ఏ కేంద్రం పనిచేస్తోందో, లేకపోతే ఎప్పటిలోగా ఏర్పాటు చేస్తారో అందులో సూటిగా అడగండి. జవాబు రాకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ నమోదు చేయించి రసీదు తీసుకోండి, నకలును కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. ఒకే వీధిలోని నాలుగైదు ఇళ్లవారు కలిసి, ఎవరి దగ్గర ఎన్ని డబ్బాలు ఉన్నాయో రాసి ఇస్తే, ఒక రోజు బండి పంపి అన్నీ కలిపి తీసుకువెళ్లమని అడగడానికి ఆధారం ఉంటుంది.